కంప్యూటర్‌కి కనిపించని కెమెరా... కెమెరాకి కనిపించని నాన్న!

'ఆయన మొహం గుర్తుందిరా. గోడమీద ఫొటో రోజూ చూస్తూనే ఉన్నాగా. గొంతే... గుర్తుచేసుకుందామంటే రావట్లేదు.'

2025 మే నెలలో ఓ పొద్దున, మామిడికాయలు గుడ్డతో తుడుస్తూ అమ్మ అన్న మాట ఇది. ఏడుస్తూ అనలేదు. పోపులో ఇంగువ వేయడం మర్చిపోయానన్నంత మామూలుగా అంది. నా చేతిలో కాయే అలా ఆగిపోయింది.

నాన్న 2008లో పోయారు. తణుకు ఆర్టీసీ బస్టాండులో కంట్రోలరుగా చేసేవారు. 'నర్సాపురం వెళ్లు బస్సు...' అని రోజంతా మైకులో చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చాకా అదే స్థాయిలో మాట్లాడేవారు. మంచినీళ్లు అడిగితే పక్కింటావిడ తెచ్చేదని మా అక్క వేళాకోళం చేసేది. అలాంటి గొంతు కూడా పదిహేడేళ్లకి మసకబారుతుందా!

నా ఉద్యోగమే మనుషుల మాటలు రికార్డు చేయడం. రైతుల దగ్గర్నుంచి సినిమావాళ్ల దాకా ఎందరి గొంతులో నా ఫోన్లో ఉన్నాయి. నాన్నది మాత్రం ఒక్క ముక్క లేదు.

'అటకమీద అల్లుడుగారి కెమెరా ఉండాలి, చూడు' అంది అమ్మే.

నాకు గుండె ఝల్లుమంది. సంతోషంతో మాత్రమే కాదు. ఆ కెమెరాతోపాటు ఇరవయ్యేళ్లుగా నేనెవరికీ చెప్పని తప్పొకటి అదే అటకమీద ఉంది మరి!

సీట్లు అరవై... ఎక్కించింది తొంభై!

2004 డిసెంబరులో అక్కా బావగారూ అమెరికా నుంచి వచ్చినప్పుడు తెచ్చిన కెమెరా అది. అరచేతిలో ఇమిడేది. అగ్గిపెట్టెకి కాస్త పెద్దన్నలా ఉండే చిన్న క్యాసెట్టు వేయాలి. దాన్నే మినీ డీవీ టేపు అంటారు. 1995లో మొదలైన ఈ రకం కెమెరాలు ఓ పదీ పదిహేనేళ్లు పెళ్లిళ్లనూ పుట్టినరోజులనూ ఏలాయి. తిరిగి వెళ్తూ బావగారు 'మామయ్యగారూ, ఇది మీ దగ్గరే ఉంచండి. ఇల్లూ వాకిలీ తీసి పంపితే మీ అమ్మాయి చూసుకుంటుంది' అని నాన్న చేతిలో పెట్టారు.

ఇంకేముంది... నాన్న రెండు రోజులు పుస్తకం చదివి, అందులో 'ఎల్‌పీ' అనే మీట ఉందని కనిపెట్టారు. అది నొక్కితే అరవై నిమిషాల టేపులో తొంభై నిమిషాలు పడుతుంది. 'చూశావుట్రా, టిక్కెట్టు ఒకటే, ప్రయాణం ఒకటిన్నర!' అని మురిసిపోయారు. సీట్లకి మించి జనాన్ని ఎక్కించడం అలవాటైన ఆర్టీసీ బుర్ర కదా!

2005 మేలో అక్క ఫోన్ చేసి 'ఆవకాయ ఎలా పెట్టాలో చెప్పమ్మా' అంది. అమ్మ చెబుతుంటే లైను తెగిపోయింది. నాన్న ఊరుకుంటారా! 'ఫోన్లో ఎందుకు, మొత్తం తీసి పంపేద్దాం' అన్నారు. కాయలు కొట్టడం నుంచి జాడీకి వాసెన కట్టడం దాకా తీశారు. ఫ్రేములో అమ్మ, పళ్లెం, జాడీ. నాన్న కనిపించరు. కెమెరా పట్టుకున్నవాళ్లు ఎప్పుడూ కనిపించరు కదా! కానీ మైకుకి అందరికంటే దగ్గరగా ఉండేదీ వాళ్లే.

'టేపులో ఇంకా చోటుంది, నిండాక పంపుదాంలే' అన్నారు నాన్న. అదీ పొదుపే.

ఆ మిగిలిన చోటు నింపడానికి నేను బయల్దేరాను. పదో తరగతి అయిపోయిన వేసవి. ఎవరికీ చెప్పకుండా కెమెరా తీసుకుని క్రికెట్ ఆడే చోటికి వెళ్లాను. దారిలో స్నేహితులకి చూపించడానికి టేపు వెనక్కి తిప్పాను. మళ్లీ ముందుకు తిప్పడం మర్చిపోయాను. మా ఆటంతా నాన్న తీసినదాని మీదే రికార్డయింది. సంగతి తెలిశాక భయపడి నోరు మూసుకున్నాను. మరుసటేడు అక్కే ఇండియా వచ్చింది, అమ్మ పక్కన కూర్చుని ఆవకాయ కలిపింది. టేపు సంగతి అందరూ మర్చిపోయారు. నేను తప్ప.

టింగ్ మంది... అంతే!

సంచీ దుమ్ము దులిపాను. కెమెరా, ఛార్జరు, రెండు టేపులు. టేపు వెనక చిన్న జరుపుడు మీట ఉంటుంది. దాన్ని 'సేవ్' వైపు జరిపితే ఇక దానిమీద ఏదీ రికార్డవదు. మొట్టమొదట ఆ పని చేశాను. ఇరవయ్యేళ్లు ఆలస్యంగా!

బ్యాటరీ చచ్చిపోయింది. ఛార్జరు నేరుగా పెడితే మాత్రం ఎర్ర దీపం వెలిగింది. ముందుగా పాడైనా ఫర్వాలేదనుకున్న టేపు వేసి చూశాను. కిర్రుమని లోపలికి తీసుకుంది. తెరమీద బొమ్మకి బదులు చదరంగం గళ్లు... మధ్యమధ్యలో రెండు సెకన్లు పెరట్లో మామిడి చెట్టు. శబ్దం అసలే లేదు.

'తిరుగుతోందిగా, ఇంకేం!' అంది అమ్మ. ఆ మాత్రం ఆశ చాలు నాకు.

హైదరాబాద్ వచ్చి కెమెరాకున్న యూఎస్‌బీ తీగని లాప్‌టాప్‌కి తగిలించాను. టింగ్ మంది. అంతే! తెరమీద ఓ ఖాళీ ఫోల్డరు. టేపు ఆడించినా ఏమీ రాదు. రెండు రాత్రులు కుస్తీ పట్టాక తెలిసిందేమిటంటే... ఈ కెమెరాలో యూఎస్‌బీ ఉన్నది మెమొరీ కార్డులోని ఫొటోల కోసం. టేపులోని వీడియో బయటికి రావాల్సిన గుమ్మం వేరే ఉంది. పక్కన చిన్న మూత తీస్తే నాలుగు పిన్నుల బుల్లి రంధ్రం. పేరు ఫైర్‌వైర్. కొన్ని కెమెరాల మీద ఐలింక్ అనీ, ఇంకొన్నిటి మీద ఉత్త డీవీ అనీ రాసుంటుంది. పేర్లు మూడు, దారి ఒకటే. నా లాప్‌టాప్‌కి ఆ దారే లేదు!

పట్టాలమీద బస్సు నడవదు

ఇంటర్నెట్‌లో వెతికితే ఒక కొసన ఫైర్‌వైర్, ఇంకో కొసన యూఎస్‌బీ ఉన్న తీగ కనిపించింది. నాలుగు వందలు కూడా లేదు. ఎగిరి గంతేసి తెప్పించాను. పెడితే టింగ్ కూడా లేదు!

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాడు ఆ తీగ చూసి నవ్వాడు. 'సార్, బస్సుకి రైలు చక్రాలు బిగిస్తే పట్టాలమీద పోతుందా?' అన్నాడు. అతను చెప్పింది నాకు అర్థమైన భాషలో చెబుతాను. యూఎస్‌బీలో పెత్తనమంతా కంప్యూటర్‌ది. అది అడిగితేనే అవతలి వస్తువు జవాబివ్వాలి. ఫైర్‌వైర్‌లో అలా కాదు. రెండువైపులవాళ్లూ సమానమే. పైగా వీడియో కోసం ప్రతి క్షణంలో కొంత చోటు ముందే రిజర్వు అయిపోతుంది. టైమైతే బస్సు కదిలిపోయినట్టు, కెమెరా క్షణం ఆగకుండా పంపుతూనే ఉంటుంది. రెండింటి మాటతీరే వేరైనప్పుడు ఉత్త తీగ మార్చితే కలవవు. అలాంటి తీగలు కొనకండి. నా నాలుగు వందల అనుభవం ఇది.

'అమెజాన్ అడవిలో కాదు, సికింద్రాబాద్‌లో వెతకండి' అన్నాడు. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. హైదరాబాద్‌లో కంప్యూటరు కొన్న తరమంతా మెట్లెక్కి దిగిన చోటే అది. నాలుగు దుకాణాల్లో 'అది ఇప్పుడెక్కడ సార్' అన్నారు. అయిదో చోట ఒకాయన స్టూలెక్కి, అట్టపెట్టెలోంచి ఫైర్‌వైర్ కార్డునీ, తీగనీ తీశాడు. ఆఫీసులో మూలపడిన పాత డెస్క్‌టాప్‌లో కార్డు బిగించాం. కంప్యూటరు కార్డుని గుర్తుపట్టింది. కెమెరాని? ఊహూఁ.

అక్కడి నుంచి వారం రోజులు అదే ఆట. కెమెరా మీట 'కెమెరా' వైపు ఉంటే రాదు, 'ప్లే' వైపు ఉండాలన్నారు. జరిపాం. డ్రైవరు పాతది కావాలన్నారు. విండోస్ 7 వరకూ పాత డ్రైవరు లోపలే ఉండేది. విండోస్ 8 నుంచి దాన్ని తీసేసి, కావాల్సినవాళ్లు విడిగా తెచ్చుకునేలా పెట్టారు. అదీ వేశాం. డివైస్ మేనేజర్ ఎన్నిసార్లు తెరిచినా కార్డు ఉంది, కెమెరా లేదు.

'సార్, ఒకవేళ కెమెరా లోపలి పోర్టే కాలిపోయిందేమో' అన్నాడు కుర్రాడు మెల్లిగా. కరెంటు ఉండగా తీగని అడ్డదిడ్డంగా తోస్తే అలా జరుగుతుందట. అదే నిజమైతే? ఏదో ఒక స్టూడియోలో వేరే మిషన్లో వేయించుకోవచ్చు అనుకోవడానికీ లేదు. నాన్న పొదుపుకోసం ఎల్‌పీలో తీశారు. ఎల్‌పీలో గీతలు మామూలుకంటే ఇరుకు. ఒక కెమెరాలో తీసింది ఇంకోదాంట్లో సరిగా ఆడుతుందన్న నమ్మకం లేదు. దానికి తోడు ఇది అమెరికా కెమెరా, వాళ్ల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. మన స్టూడియోల్లోవి పాల్.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి 'వచ్చిందా?' అంది. 'ఇంకో రెండు రోజులు' అన్నాను. 'తొందరేం లేదులే' అంది. తొందరేం లేదని ఆవిడ అన్నప్పుడల్లా ఎదురుచూస్తోందని అర్థం.

మిక్సింగ్ గది

చివరికి కెమెరా సంచీ భుజాన వేసుకుని తణుకే వెళ్లాను. మా వీధి చివర ఒకప్పుడు పెళ్లి వీడియోలు తీసిన పెద్దాయన ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ ఆయన దీపం వెలుగులోనే జరిగాయి. తాళి కట్టేటప్పుడు చుట్టూ పువ్వులు తిరగడం, పెళ్లికూతురు హృదయం గుర్తులోంచి రావడం... దాన్నే మిక్సింగ్ అనేవాళ్లు, గుర్తుందా! ఇప్పుడా స్టూడియో ముందుభాగం జిరాక్సు దుకాణం. వెనక గదిలో మాత్రం ప్లాస్టిక్ కవరు కప్పిన కంప్యూటరు ఒకటుంది. విండోస్ ఎక్స్‌పీ. దానికి 2014లోనే కంపెనీ చేతులు దులుపుకుంది. ఈయన దులుపుకోలేదు. 'దీనికి నెట్టు చూపించలేదు బాబూ, అందుకే బతికుంది' అన్నారు.

కెమెరా చూసి, నన్ను చూసి, 'కంట్రోలర్ గారబ్బాయివి కదూ?' అన్నారు. 'మీ నాన్నగారు ఈ కెమెరా పట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు. బొమ్మ కదలకుండా ఎలా తీయాలి అని అడిగేవారు. ఊపిరి బిగబట్టండి అంటే, మరి మాట్లాడేదెలా అనేవారు!'

నేను చేసిన ప్రయత్నాలన్నీ ఏకరువు పెట్టాను. డ్రైవరు, కార్డు, మీట... ఆయన అంతా విని ఒక్కటే అడిగారు.

'కేబులు మార్చి చూశావా?'

లేదు! వారం రోజుల్లో కంప్యూటరంతా విప్పి బిగించాం గానీ, ఆ తీగని అనుమానించనేలేదు. అట్టపెట్టెలో ఏళ్ల తరబడి మడతపడి ఉన్న తీగ మరి! ఆయన మేకుకి వేలాడుతున్న తన తీగ తీశారు. ముందు కెమెరా, కంప్యూటరు రెండూ ఆపించారు. కొస ఎటు తిరిగుందో కళ్లజోడు పెట్టుకుని చూసి పెట్టారు. తర్వాత కెమెరా వెలిగించి ప్లే వైపు జరిపారు. కంప్యూటరు లేచింది. తెరమీద చిన్న కిటికీ తెరుచుకుంది... 'డిజిటల్ వీడియో పరికరం కనిపించింది.'

నాకైతే తప్పిపోయిన పిల్లాడు పోలీస్ స్టేషన్లో దొరికినట్టనిపించింది!

ఇక గళ్ల సంగతి. ఈ కెమెరాలో టేపుని చదివే హెడ్డు నిమిషానికి 9000 సార్లు తిరుగుతుంది. టేపు వెడల్పే 6.35 మిల్లీమీటర్లు. అంత చిన్న చోట నలకంత మురికి చేరినా బొమ్మ ముక్కలైపోతుంది. ఆయన క్లీనింగ్ క్యాసెట్టు వేసి పది సెకన్లు తిప్పి ఆపేశారు. 'ఎక్కువ తిప్పితే హెడ్డే అరిగిపోతుంది. పెళ్లికొడుక్కి బొట్టు పెట్టినట్టు, తాకీ తాకనట్టు ఉండాలి' అన్నారు. తర్వాత నాన్న టేపుని చివరిదాకా ముందుకి, మళ్లీ మొదటిదాకా వెనక్కి తిప్పారు. ఏళ్లుగా కదలని టేపు పొరలు అంటుకుని ఉంటే విడతాయని.

గది మూల ఇనుప బీరువాలో వందల కొద్దీ చిన్న డబ్బాలు కనిపించాయి. 'పెళ్లిళ్లేనా?' అన్నాను. 'ఊఁ. సీడీ తీసుకుని వెళ్లిపోయారు. సీడీలు గీతలు పడ్డాయి. టేపు అడగడానికి ఎవరూ రాలేదు' అన్నారు. బీరువాలో చిన్న బల్బు ఒకటి పగలూ రాత్రీ వెలుగుతోంది. చెమ్మ చేరి బూజు పట్టకుండా అట. కరెంటు బిల్లు ఆయనదే.

గంటన్నర అంటే గంటన్నరే

ఇక్కడో చిత్రం. ఫోన్లో గంట సినిమా నిమిషంలో కాపీ అయిపోతుంది కదా! టేపు అలా కాదు. గంటన్నర టేపు గంటన్నర ఆడాల్సిందే. తొందరపెట్టడానికి మీట లేదు. గంటకి 13 జీబీ చొప్పున నింపుకుంటూ పోతుంది. మనం కూర్చోవాల్సిందే. నాన్న తీసినంతసేపూ... అదే వేగంతో.

మొదట మా ఇల్లు. సున్నం వేసిన గోడ, తులసికోట. తర్వాత గళ్లు లేని, గీతలు లేని తెరమీంచి గదంతా దద్దరిల్లేలా...

'అమ్మాయీ! ఇది మన కొత్తపల్లి కొబ్బరి కాయ. పుల్లగా, గట్టిగా ఉండవలెను. టెంక పట్టిన ముక్కే ముక్క. గమనించగలరు!'

పెద్దాయన తల వంచుకుని మీటలేవో సర్దుతున్నట్టు నటించారు. నేను స్టూలుమీద అలాగే ఉండిపోయాను. గొంతు గుర్తులేదన్నది అమ్మ ఒక్కతే కాదని అప్పుడు తెలిసింది. నా జ్ఞాపకంలో ఉన్న గొంతు కంటే ఇది కాస్త సన్నగా ఉంది. వయసులో ఉన్న గొంతు.

ఇరవై రెండో నిమిషంలో అమ్మ సోలతో ఆవపిండి కొలవబోతోంది. 'ఇప్పుడు మీ అమ్మ కొలతలు చెబుతుంది, కాగితం తీసుకో' అన్నారు నాన్న. అంతే... టక్కున ఎండలో మైదానం! 'ఒరేయ్ బాలెయ్యరా!' అని అరుస్తూ నేను. పదకొండు నిమిషాల నలభై సెకన్లు. నాకెదురుగా సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం తప్ప ఇంకో శిక్ష లేదు. టేపుమీద ఒకసారి రాసిందాని కింద పాతది ఉండదు. ఏ కంప్యూటరూ దాన్ని తవ్వి తీయలేదు.

మళ్లీ టక్కున అమ్మ నూనె పోస్తూ ప్రత్యక్షమైంది. 'నూనె దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు' అంటున్నారు నాన్న. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి!

వచ్చేముందు ఎంతివ్వమంటారని అడిగితే, 'ఓ కాపీ నాకూ ఉంచుకుంటా. అంతే' అన్నారు పెద్దాయన.

మీ అటకమీదా ఇలాంటి సంచీ ఉంటే ఈ ఆదివారమే దించండి. కెమెరా పనిచేస్తుండగానే చూడండి. పాత ఫైర్‌వైర్ కార్డున్న కంప్యూటరు కనిపిస్తే తుక్కుకి అమ్మేయకండి. యాపిల్ కూడా 2025లో తెచ్చిన టాహో నుంచి ఫైర్‌వైర్‌ని తీసేసింది. దారులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఇంకోమాట... అన్నీ చేశాక కాదు, అన్నిటికంటే ముందు తీగ మార్చి చూడండి!

కొలతలేవిరా?

సాయంత్రం ఇంట్లో లాప్‌టాప్ పెట్టి అమ్మని కూర్చోబెట్టాను. ఫోన్లో వీడియో కాల్‌లో అక్క. తనకప్పుడు పొద్దున్న. నాన్న మొదలెట్టారు... 'అమ్మాయీ!'

అక్క నోరు మూసుకుని ఏడుస్తోంది. అమ్మ ఏడవలేదు. కాసేపు కళ్లార్పకుండా చూసి, గబుక్కున వీధి తలుపు వైపు తిరిగి, 'సౌండు తగ్గించరా, వీధంతా వినపడుతోంది' అంది. సరిగ్గా అదే క్షణంలో తెరమీద ఇరవయ్యేళ్ల కిందటి అమ్మ 'కాస్త గొంతు తగ్గించండి, వీధంతా వినపడుతోంది' అంది. ఇద్దరమ్మలూ ఒకేసారి! అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకద్దుకుంది.

మైదానం వచ్చింది. అక్క కళ్లు తుడుచుకుని అడిగింది. 'ఇదేంట్రా? కొలతలేవి?'

చెప్పేశాను. టేపు వెనక్కి తిప్పడం, మర్చిపోవడం, దాచడం... అంతా. ముప్పయ్యయిదేళ్ల వయసులో పదిహేనేళ్ల కుర్రాడిలా నేల చూపులు చూస్తూ. అక్క ఏమీ అనలేదు. కాసేపాగి అమ్మే అంది, 'దానికేముందిరా. చెప్పింది నేనేగా. నేనున్నాగా.'

ఫోన్ తీసి రికార్డు నొక్కాను. అమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. 'నాలుగు సోలల ముక్కలకి సోల ఆవపిండి, సోల కారం. ఉప్పు సోలకి కాస్త తక్కువ. గుప్పెడు మెంతులు. మూడోనాడు తిరగ కలిపి ఉప్పు చూసుకోవాలి. అప్పుడు మీ నాన్న ఇక్కడ నన్నాపి, సోలంటే అమెరికాలో ఏం తెలుస్తుంది, గ్లాసుల్లో చెప్పు అన్నారు. నేను, ఏ గ్లాసు అన్నాను. దానిమీద ఇద్దరం కాసేపు పోట్లాడుకున్నాం...'

పోయిన పదకొండు నిమిషాల్లో ఏముందో ఆవిడకి అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. చెబుతూ చెబుతూ నాన్న మాటలొచ్చినప్పుడల్లా తెలియకుండానే గొంతు పెంచి ఆయనలా అంటోంది. ఆపలేదు నేను. పదకొండు నిమిషాలు దాటి నలభై నిమిషాలైంది.

అమ్మ లోపలికి వెళ్లాక ఫైలు చూసుకున్నాను. ఫోన్లో ఇంకా బోలెడు చోటుంది. నిండాక పంపుదాంలే అనుకోలేదు. అప్పటికప్పుడే అక్కకి పంపేశాను.